లేజర్ గదిలో నేను ఒప్పుకోనివి

చర్మవైద్యం చదువు ముగించి లేజర్ గదిలో ఉద్యోగానికి వెళ్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడమ్, ముందుగా ఏం తెలుసుకోవాలి?" అని అడుగుతుంటారు. మిషను సంగతి కంపెనీవాళ్లు చెబుతారు. అందుకని నేను మిషను గురించి తక్కువ, నా చేతులతో కాల్చిన ఒక చెంప గురించి ఎక్కువ చెబుతాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. దాచిపెట్టమని నాకు సలహా ఇచ్చినవాళ్లను తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గడ్డాల డాక్టరమ్మ

మాది తెనాలి వైపు. మా ఆయన ప్రభుత్వోద్యోగం వల్ల హైదరాబాదు వచ్చాం. తొంభైల మొదట్లో మొఘల్‌పురాలో ఒక యునానీ మందుల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టాను. అప్పటికి నాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. భాషా, ఊరూ రెండూ నాకు నేర్పింది మా ఆయా ఖాజాబీ. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగూ దక్కనీ ఉర్దూ కలిపి ఒకే ఊపులో మాట్లాడేది. క్లినిక్‌కి వచ్చే ప్రతి ఆడమనిషీ ఏ గల్లీ, ఎవరి కోడలు, ఇంట్లో ఏం పని చేస్తుంది, అన్నీ ఆమెకు తెలుసు.

తామర, గజ్జి, బొల్లి మచ్చలు. రోజంతా అవే. అందరూ వెళ్లిపోయాక ఎవరో ఒక ఆడమనిషి మాత్రం బెంచీ మీద మిగిలిపోయేది. లోపలికి వచ్చి, తలుపు వేయమని సైగ చేసి, ముఖం మీది నఖాబ్ పైకెత్తేది. చెంపల మీద, గడ్డం కింద నల్లటి ముదురు వెంట్రుకలు. పట్టకారుతో పీకి పీకి కొందరికి చీము పొక్కులు కూడా ఉండేవి. "ఇంట్ల ఎవలకు తెల్వది డాక్టరమ్మా" అనేవాళ్లు. పక్కన పడుకునే భర్తకు కూడా తెలియకుండా ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లను చూశాను.

లేజర్ లేని రోజులవి. సన్నటి సూదిని వెంట్రుక కుదుట్లోకి దింపి, కొద్దిగా కరెంటు పంపి కుదురును కాల్చేదాన్ని. ఒక్కో వెంట్రుకకూ ఒక్కో పోటు. గంట వంగి కూర్చుంటే అరచేయంత జాగా కూడా పూర్తయ్యేది కాదు. నా మెడనొప్పి అప్పుడు మొదలైందే.

ఈ పని నా తోటి డాక్టర్లకు నవ్వులాటైంది. మీటింగులకు వెళితే "గడ్డాల డాక్టరమ్మ వచ్చింది" అనేవాళ్లు. నాకు పాఠం చెప్పిన ఒక పెద్దాయన అందరిముందూ అన్నారు: "కుష్ఠు చూడాల్సిన చదువమ్మా నీది. ఈ సింగారం పనేమిటి?"

"సార్, మీరు వారం రోజులు గడ్డం గీసుకోకుండా ఆస్పత్రికి రండి, ఎవరూ ఏమీ అనరు. ఆమె ఒక్కరోజు అలా గడప దాటలేదు. దీన్ని సింగారం అంటే నేనొప్పుకోను" అన్నాను.

ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. అందువల్ల నాకు పోయిందేమీ లేదు. మీరు చేరబోయే పనిని కూడా ఎవరో ఒకరు చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి. మీరు మాత్రం చూడకండి.

తెల్లవాళ్ల పట్టిక

రెండువేల సంవత్సరం దాటాక చాంద్రాయణగుట్ట రోడ్డులో లేజర్ మిషనుతో ఒక కొత్త క్లినిక్ తెరిచారు. దాని యజమాని మల్లికార్జున్ డాక్టరు కాదు, అంతకుముందు ఎయిర్ కూలర్ల ఏజెన్సీ నడిపినాయన. ఆడవాళ్లు నన్ను నమ్ముతారని విని కబురు పెట్టారు. గంటలో చేసే పని నిమిషాల్లో అవుతుందన్న ఆశతో నేను మొఘల్‌పురా గదులు ఖాళీ చేసి, ఖాజాబీని వెంటబెట్టుకుని వెళ్లాను.

కంపెనీవాళ్లు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఏ రంగు చర్మానికి ఎంత శక్తి పెట్టాలో చెప్పే పట్టిక ఒకటి ఇచ్చారు. అందులో తెల్లవాళ్ల రంగులకు వరుసలే వరుసలు. మన రంగులన్నీ కింద రెండు గీతల్లో ఇరికించి, వాటికి ఎదురుగా 'జాగ్రత్త' అని రాసి వదిలేశారు. ఎంత జాగ్రత్త, ఏం జాగ్రత్త అని అడిగితే శిక్షణకు వచ్చిన అతను నవ్వి, "అనుభవంతో వస్తుంది మేడమ్" అన్నాడు. ఎవరి చర్మం మీద వచ్చే అనుభవమో నేను అడగలేదు. అడగాల్సింది.

ఈ ఒక్కటి మాత్రం బాగా పట్టుకోండి. ఆ వెలుగు నలుపును వెతుక్కుంటూ పోతుంది. వెంట్రుకలోని నలుపు దొరికితే అక్కడ వేడెక్కి కుదురును దెబ్బ తీస్తుంది. చర్మంలో నలుపు దొరికితే దాన్నీ కాలుస్తుంది. రెంటికీ తేడా దానికి తెలియదు. తెలియాల్సింది మీకు.

మొదటి వారంలోనే మల్లికార్జున్‌గారికీ నాకూ చెడింది. గుమ్మం ముందు నిలువెత్తు బోర్డు పెట్టించారు, 'అవాంఛిత రోమాలు శాశ్వతంగా మాయం' అని. అది అబద్ధం. తగ్గుతాయి, సన్నబడతాయి, చాలాకాలం రాకపోవచ్చు. ఒంట్లో హార్మోన్ల తేడా ఉంటే మళ్లీ మొలుస్తాయి. ఆ మాటే చెప్పాను.

"తగ్గుతయ్ అని రాస్తే ఎవలొస్తరు మేడమ్?" అన్నారాయన.

"తగ్గితే చాలనుకునేవాళ్లు వస్తారు" అన్నాను. ఆయన బోర్డు తీయలేదు. నేనూ ఆ రోజుకు ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా మొదటి తప్పు.

నస్రీన్

లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క గాజులు చేసే కుటుంబం వాళ్లది. తండ్రికి అక్కడే చిన్న దుకాణం. నస్రీన్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్లుంటాయి. వాళ్లమ్మతో కలిసి వచ్చింది. దారంతో వారం వారం చెంపల మీది వెంట్రుకలు తీయించుకునేది. తీయించుకున్న రెండోరోజే చెంపలు మళ్లీ గరుకు తేలేవి.

"ఎండలో తిరుగుతావా?" అని అడిగాను.

"నేను ఎండల పోనే పోను డాక్టరమ్మా. బుర్ఖా ఏస్కుంట గద" అంది.

తెల్లబడే క్రీములేమైనా రాస్తావా అని అడిగాను, లేదంది. నెలసరి గురించి అడిగాను, రక్తపరీక్ష చేయించాను, ఫరవాలేదు. దారం మానేసి మూడు నాలుగు వారాలు ఆగమన్నాను. కుదురుతో పీకేస్తే వెలుగుకు పట్టుకోవడానికి లోపల ఏమీ మిగలదు. అప్పటిదాకా తప్పదనుకుంటే గీసుకోవచ్చు అంటే వాళ్లమ్మ చెవులు మూసుకుంది. "గీకితే మస్తు బలిసి వస్తయ్!" అంది. రావు. ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఓపిగ్గా చెప్పండి.

తర్వాత టెస్టు. అసలు చికిత్సకు ముందు చిన్న జాగాలో రెండు మూడు షాట్లు, అంటే వెలుగు దెబ్బలు, కొట్టి, చర్మం ఎలా తట్టుకుంటుందో చూడడం. మచ్చ పడినా బయటికి కనపడకూడదని దవడ కింద, మెడ మడతలో పెట్టాను. వారం తర్వాత చూస్తే అక్కడ ఏమీ లేదు. పట్టికలో ఆ రంగుకు ఇచ్చిన శక్తి పెట్టుకుని చెంప మొదలుపెట్టాను.

మూడో షాటుకు నస్రీన్ నా మణికట్టు పట్టుకుంది. "జల్‌తా హై డాక్టరమ్మా. మండుతుంది."

"కొంచెం ఓర్చుకో బేటా" అన్నాను. అందరికీ అనే మాటే. ఇంకో ఏడు షాట్లు కొట్టాను.

ఆ ఏడు షాట్లూ నాకు ఇప్పటికీ లెక్కున్నాయి.

మర్నాడు పొద్దున క్లినిక్ తెరవకముందే తల్లీకూతుళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నస్రీన్ నఖాబ్ ఎత్తింది. కుడి చెంప మీద వరుసగా చిన్న చిన్న చతురస్రాలు, మిషను కొన ఎంత ఉందో సరిగ్గా అంతే. కొన్ని బొబ్బలెక్కాయి, కొన్ని అప్పుడే నల్లబడుతున్నాయి. అద్దంలో చూసుకుని ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు ఉబ్బిపోయాయి.  నన్ను అడిగింది తల్లి.

"వెంట్రుకలున్నప్పుడు గూడ నా బిడ్డ ముఖం ముఖమే ఉండె. ఏం జేసినవమ్మా నువ్వు?"

లోపలికి తీసుకువెళ్లి తడిబట్టతో చల్లబరిచి, మందు రాశాను.  ఖాజాబీ వెనక నుంచి గిన్నె పట్టుకుని నిలబడి, నెమ్మదిగా అంది: "అమ్మా, ఈ పిల్ల లక్క పొయ్యి ముంగట కూసుంటది. పొద్దుగాల కూసుంటే సందెదాంక గా బొగ్గుల సెగ చెంపలకే కొడ్తది. సూడుండ్రి, మెడ రంగేంది, చెంప రంగేంది."

చూశాను. చెంపలు మెడకంటే ఒక ఛాయ ముదురుగా ఉన్నాయి. వారం ముందు కూడా అలాగే ఉన్నాయి. నేను ఎండ గురించి అడిగాను, నిప్పు గురించి అడగలేదు. సెగ తగలని మెడ మీద టెస్టు చేసి, సెగ తిన్న చెంపను కాల్చాను.

"ఖాజాబీ, నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడుగలే గదమ్మా" అంది.

ఆమె మాటలో తప్పేమీ లేదు. గదిలో చీపురు పట్టుకున్న మనిషికి మీకు తెలియనిది తెలిసి ఉంటుంది. అడగకపోతే అది మీ తప్పే.

నస్రీన్ తల్లి నా ఎదురుగా నిలబడి అడిగింది: "ఠీక్ అయితదా?"

"తప్పు నాది. చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. తగ్గేదాకా మాత్రం నేనే చూస్తాను" అన్నాను.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

తాళంచెవి

మల్లికార్జున్‌గారు ఆ మధ్యాహ్నం ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. పేషెంటు చెప్పినమాట వినకుండా ఎండలోకి వెళ్లినందువల్ల చర్మం కమిలింది, క్లినిక్‌కి సంబంధం లేదు అని ఉంది. కింద నా పేరు, సంతకానికి చోటు.

"పెట్టుండ్రి మేడమ్. మిగిలింది నేను సంభాలిస్త."

"ఆ పిల్ల ఎండలోకి వెళ్లలేదు. నేను కాల్చాను."

"నాకెర్క లేదా? గట్ల రాస్తే రేపు లొల్లి అయితది. పేరు ఖరాబైతది. మీ పేరు గూడ."

"నా పేరేగా, పోనివ్వండి."

ఆయన ముందే కేసు షీటు తీసి రాశాను. టెస్టు ఎక్కడ చేశానో, చెంపలో తేడా గమనించలేదని, మండుతోందని పేషెంటు చెప్పినా ఆపలేదని. సంతకం పెట్టి, ఖాజాబీతో ఎదుటి జిరాక్సు షాపులో కాపీ తీయించి నస్రీన్ తల్లి చేతికిచ్చాను. మల్లికార్జున్‌గారి ముఖం పాలిపోయింది. "మీకేమన్న దిమాగ్ ఖరాబైందా?" అన్నారు.

అంతటితో ఆగలేదు నేను. లేజర్ మిషనుకు స్కూటరుకున్నట్టే ఒక తాళంచెవి ఉంటుంది, అది తిప్పితే తప్ప వెలగదు. దాన్ని తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

"టెస్టు చికిత్స చేసే చోటే జరగాలి. టెస్టు అయ్యాక నాలుగు వారాలు ఆగాలి. పేషెంటు ఆపమంటే ఆపాలి. గుమ్మం ముందు బోర్డు మారాలి. ఇవి ఒప్పుకునేదాకా మిషను వెలగదు" అన్నాను.

"ఇంకొకర్ని తెచ్చుకుంట. పార్లర్ల పనిజేసెటోళ్లు మస్తుమందున్నరు."

"తెచ్చుకోండి. వచ్చిన వాళ్లకు మొదట ఈ కేసు షీటు చూపిస్తాను."

ఎనిమిది రోజులు మిషను మీద ముసుగు తీయలేదు. నేను రోజూ వెళ్లి తామర, మొటిమలు చూసుకుంటూ కూర్చున్నాను. మూడోరోజున ఆయన నిజంగానే ఒక మనిషిని తెచ్చారు, మారు తాళంచెవి కోసం కంపెనీకి కూడా ఫోను చేశారు. తాళంచెవి వచ్చింది గానీ దాంతో పని పడలేదు. లేజర్ కోసం వచ్చిన ఆడవాళ్లకు ఖాజాబీ గుమ్మంలోనే చెప్పేది: "లేజర్ గదిల ఉన్నామె మన డాక్టరమ్మ గాదు. మీ ఇష్టం." వాళ్లు చెప్పులు విడవకుండానే తిరిగి వెళ్లిపోయేవాళ్లు. అలా చెప్పమని ఆమెకు నేను చెప్పలేదు. తర్వాత ఎందుకు చేశావని అడిగితే, "గా పిల్ల చెంప నేను గూడ సూసిన గదమ్మా" అంది.

తొమ్మిదోరోజున మల్లికార్జున్‌గారు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు.  "బోర్డు మీద ఏం రాయాల్నో మీరే రాసియ్యుండ్రి" అన్నారు చివరికి. మంచి మనసుతో ఒప్పుకున్నారని నేను అనుకోను. వచ్చినవాళ్లు వెనక్కి పోతున్నారు, అంతే. కారణం ఏదైతేనేం, బోర్డు మారింది.

తర్వాత వచ్చినవాళ్లు

ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ మొదట అడిగే ప్రశ్న మార్చుకున్నాను. "రోజంతా ఏం చేస్తావు?" అన్నదే నా మొదటి ప్రశ్న. రొట్టెల పొయ్యి, ఇస్త్రీ బండి, మేడమీద ఒడియాల పని, అన్నీ బయటికి వచ్చేవి. క్రీములు రాయనన్నవాళ్లను సంచీ దులపమనేదాన్ని. సగం సంచుల్లో మందుల షాపువాళ్లు చీటీ లేకుండా ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబులు దొరికేవి. అవి చర్మాన్ని పల్చబరిచి, ముఖం మీద కొత్త వెంట్రుకలు కూడా తెప్పిస్తాయి. అలాంటివాళ్లకు నెలల తరబడి మిషను తాకనిచ్చేదాన్ని కాదు.

తెల్ల వెంట్రుకలతో వచ్చిన పెద్దావిడలకు ఇది మీకు పని చేయదని ఉన్నమాట చెప్పి పంపేదాన్ని. వాళ్లకు ఆ పాత సూదే గతి. నెలసరి సరిగా రాని పిల్లలను ముందు స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపేదాన్ని. పదిహేనేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "సంబంధం చూస్తున్నం, జల్దీ చెయ్యుండ్రి" అన్న ఒక మేనత్తను పిల్లతో సహా బయటికి పంపాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

లేజర్‌తో తెల్లగా చేయమని వచ్చినవాళ్లు లెక్కలేనంత మంది. "మచ్చ ఉంటే చూస్తాను. రంగు రోగం కాదు, దానికి నా దగ్గర మందు లేదు" అనేదాన్ని. ఆ కారణంగా క్లినిక్‌కి ఎంత నష్టమో మల్లికార్జున్‌గారు వారానికోసారి గుర్తు చేసేవారు. నేను వారానికోసారి విని ఊరుకునేదాన్ని.

ఆమె చెంప

నస్రీన్ మూడు వారాలకోసారి వచ్చేది. పొక్కులు రాలాయి, నల్లటి గళ్లు మిగిలాయి. పొయ్యి దగ్గర పని వాళ్లమ్మ తీసుకుంది, నస్రీన్ దూరంగా కూర్చుని గాజులకు అద్దాలు, రాళ్లు అతికేది. గళ్లు నెల నెలా పలచబడుతూ వచ్చాయి. ఏడాది దగ్గరపడేసరికి చెవి పక్కన ఒక్క గడి తప్ప అన్నీ పోయాయి. ఆ ఒక్కటీ పోలేదు.

ఇక రానవసరం లేదని నేను చెప్పబోతుంటే ఆమే అంది: "డాక్టరమ్మా, మళ్ల మొదలువెట్టుండ్రి. వెంట్రుకలు గట్లనే ఉన్నయ్ గద."

 వద్దన్నాను. నీ చర్మం ఒకసారి దెబ్బతింది, సూదితో చేద్దాం అన్నాను. ఇంకెవరినైనా చూడమని కూడా అన్నాను. అన్నీ ఆమె మంచికే చెబుతున్నాననుకున్నాను.

నస్రీన్ అంతా విని, నఖాబ్ పూర్తిగా తీసి టేబుల్ మీద పెట్టింది. "తప్పు మీరు జేసిండ్రు. ఇప్పుడు భయం గూడ మీకే. నా చెంప నాది. టెస్టు గీడ పెట్టుండ్రి" అని చెంప నడిమధ్యన వేలు పెట్టి చూపించింది.

అంతవరకూ యజమానిని ఎదిరించాను, పెద్ద డాక్టర్లను ఎదిరించాను. ఈసారి ఆ పిల్ల నన్నే ఎదిరించింది. నేను కాపాడుతున్నది ఆమెను కాదు, నన్ను నేనే అని ఆమె ముందే కనిపెట్టింది.

టెస్టు ఆమె చూపించిన చోటే పెట్టాను. పట్టిక పక్కన పడేసి, అందులో ఉన్నదానికి సగం శక్తితో. నాలుగు వారాలు ఆగాం. తర్వాత మొత్తం ఎనిమిది సిట్టింగులు, నెలకు పైగా ఎడం ఇస్తూ. వెంట్రుకలు పూర్తిగా పోలేదు. సన్నబడి, పలచబడి, దారం అవసరం లేకుండా పోయింది. ఏడాదికోసారి వచ్చి చేయించుకునేది. కొత్త మచ్చ ఒక్కటీ పడలేదు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ మొదటి సిట్టింగే. ఇద్దరి కళ్లకూ రక్షణ అద్దాలు పెట్టి, చల్లటి జెల్ రాసి, "వద్దనిపిస్తే చెయ్యి ఎత్తు" అన్నాను. నాలుగో షాటుకు చెయ్యెత్తింది. ఆపాను. మండుతోందంది, చల్లబరిచాను. మళ్లీ ఆరో షాటుకు ఎత్తింది. ఆపాను. జెల్ ఆరిపోయిందంది, మళ్లీ రాశాను. ఎనిమిదో షాటుకు మూడోసారి ఎత్తింది. మిషను పక్కన పెట్టి, నా అద్దాలు తీసి, ఆమె చెంప మీదికి వంగి చూశాను. ఎర్రబడలేదు, పొంగలేదు.

"ఏమైంది బేటా? నొప్పా?"

"లేదు డాక్టరమ్మా" అంది, కళ్లు మూసుకునే. "ఆపుతరో లేదో సూసిన."